రిబ్బన్లు సరే... ఉన్ని కొనేదెవరు?

గేదెను బేరమాడటానికి వెళ్ళినప్పుడు మన అమ్మలూ అమ్మమ్మలూ అడిగే మొదటి ప్రశ్న గుర్తుందా? 'పూటకెన్ని పాలిస్తుంది?' దాని వెనకాలే రెండోది, 'ఇది ఎన్నో ఈత?' కొమ్ములెంత అందంగా మెలి తిరిగాయి, ఏ సంతలో ఎవరు మెచ్చుకున్నారు అన్నవి తర్వాతి సంగతులు. పాలు పోయించుకునేవాళ్ళు వీధిలోనే ఉంటారు. తౌడూ చిట్టూ ఖర్చెంతో తెలుసు. కాబట్టి లెక్క వేళ్ళ మీద తేలిపోయేది.

అదేం చిత్రమో గానీ, కొత్తరకం జంతువు కంటపడేసరికి ఎంత చదువుకున్నవాళ్ళయినా ఈ చిన్న లెక్క మర్చిపోతారు. నేనీ మాట ఇప్పుడెందుకు ఎత్తానంటే, అమెరికాలో ఉన్న మా అక్క కూతురు ఆల్పకాల పెంపకంలో దిగింది. ఇంకాస్త లోతుకి దిగాలా వద్దా అని నన్నడుగుతోంది. ఆ అమ్మాయికి చెప్పిన మాటలే మీతోనూ పంచుకోవాలనిపించింది. ఆల్పకా మన ఊళ్ళో లేకపోవచ్చు. ఆ ఆశ మాత్రం మన ఊళ్ళోనూ ఉంది కదా!

ఆల్పకా అంటే ఏమిటని అడిగేవాళ్ళ కోసం రెండు మాటలు. ఇది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జంతువు. వరసకి ఒంటెకి చుట్టం, గూని ఉండదు. గొర్రె కన్నా పొడుగు మెడ, బొద్దు మొహం, చక్రాల్లాంటి కళ్ళు, ఒళ్ళంతా మెత్తటి ఉన్ని. ప్రపంచంలోని ఆల్పకాల్లో ఎక్కువ భాగం పెరూ దేశంలోనే ఉన్నాయి. ఇంకా రాజుల కాలంలో దీని మేలురకం ఉన్నితో నేసిన బట్ట రాచవారికే దక్కేదట. అక్కడి కొండ పల్లెల్లో ఇప్పటికీ ఆడవాళ్ళు నడుస్తూ, కబుర్లు చెప్పుకుంటూ చేతి కదురుతో ఈ ఉన్ని వడుకుతారు. వీటిలో రెండు రకాలు: బొద్దుగా, దూది ఉబ్బినట్టు ఉండేది హువకాయా. సన్నటి జడపాయల్లా ఉన్ని వేలాడేది సూరి.

అమెరికాకి ఇవి 1980లలో వచ్చాయి. ఊరి బయట నాలుగైదెకరాలు కొనుక్కుని, ఉద్యోగం చేసుకుంటూనే జంతువుల్ని పెంచుకోవాలనుకునే కుటుంబాలకి బాగా నచ్చాయి. నచ్చక ఏం చేస్తాయి? కరవవు, పొడవవు. కోపమొస్తే మాత్రం మొహం మీద ఉమ్ముతాయి. అదీ ఎక్కువగా వాటిల్లో అవే. మందలో అన్నీ ఒకేచోట పెంటికలు వేస్తాయి కాబట్టి ఎత్తిపోయడం తేలిక. ఒంటరిగా మాత్రం ఉండలేవు. ఒక్కదాన్ని కొంటే బెంగపెట్టుకుంటుంది. కనీసం రెండు మూడైనా ఉండాలి.

మా అమ్మాయి వాళ్ళు ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ ఊరి బయట ఉంటారు. అమెరికాలో ఆల్పకాలు బాగా ఎక్కువున్న రాష్ట్రాల్లో అదొకటి. 2023లో మూడు మగవాటిని కొన్నారు, విత్తులు తీయించినవి. పెంచుకోవడానికే తప్ప పిల్లల కోసం కాదు. వాళ్ళ పెద్దదానికి పన్నెండేళ్ళు, చిన్నవాడికి తొమ్మిది. ఇద్దర్నీ అక్కడి ఫోర్-హెచ్ క్లబ్బులో చేర్పించారు. 1902లో ఆ ఒహాయోలోనే పల్లెటూరి పిల్లలకి సేద్యం పనులు నేర్పడానికి ఒక బడి పెద్ద మొదలుపెట్టిన చిన్న క్లబ్బు తర్వాత దేశమంతా పాకి ఈ ఫోర్-హెచ్ అయింది. పిల్లలు దూడనో కుందేలునో ఆల్పకానో ఏడాది పొడుగునా సాకి, వేసవిలో జిల్లా సంతకి తీసుకెళ్ళి చూపిస్తారు. కిందటేడు నేనక్కడ ఆరునెలలున్నప్పుడు ఆ సంత చూశాను.

ఒప్పుకోవాలి, ముచ్చటేసింది. పిల్లల పోటీలో ఉన్ని ఎంత మేలుదో చూడరు. పిల్లకీ జంతువుకీ మధ్య నమ్మకం ఎంతుందో చూస్తారు. చిన్న చెక్క వంతెన ఎక్కించాలి, నాలుగడుగులు వెనక్కి నడిపించాలి, కాలు పట్టుకుంటే తన్నకుండా నిలబెట్టాలి. వేషాల పోటీ ఇంకోటి. మా మనవరాలు పట్టుపరికిణీ కట్టుకుని, ఆల్పకాకి తలపాగా చుట్టి పెళ్ళికొడుకులా తయారుచేసింది. జనం ఒకటే చప్పట్లు. నలుగుర్లో నోరు విప్పని పిల్ల, మైకు ముందు నిలబడి 'దీని పేరు ఇది, ఇది ఏం తింటుంది, దీనికి పైన ముందు పళ్ళుండవు' అని గడగడా చెప్పేసింది. ఆ ఒక్కదానికే ఆ మూడింటి దాణా ఖర్చు తీరిపోయిందనుకున్నాను.

పెద్దవాళ్ళ ప్రదర్శన వేరు. రంగుల్ని బట్టి, వయసుని బట్టి వరసలు కడతారు. ఆరు నెలలు నిండని పిల్లల్ని పోటీకి రానివ్వరు. న్యాయనిర్ణేత ఒక్కోదాని దగ్గరికీ వచ్చి రెండు చేతులతో ఉన్ని విప్పి చూస్తాడు. పోగు ఎంత సన్నం, ఒళ్ళంతా ఒకేలా ఉందా, మెరుపుందా, కురుల్లో అలలు తీరుగా ఉన్నాయా అని. తర్వాత కాళ్ళు, దవడ, నడక. స్నానాలూ దువ్వడాలూ ఉండవు. దువ్వితే ఉన్ని తీరే పాడైపోతుందట. ఒంటికంటుకున్న గడ్డిపోచలు ఏరి తీసుకురావడమే అలంకారం. మొదటిదానికి నీలం రిబ్బను. అక్కడ నీలమంటే ప్రథమ బహుమతి.

రిబ్బను వెనక బేరం

ఇదిగో, ఇక్కడే మొదలవుతుంది అసలు కథ. ప్రదర్శనలో పరిచయమైన ఒక పెంపకందారు మా అమ్మాయి వాళ్ళకో బేరం చెప్పాడు. చూలుతో ఉన్న ఆడవి ఆరు, పేరు మోసిన మగదానితో మళ్ళీ దాటించడానికి హామీ, డబ్బు వాయిదాల మీద. 'ఏడాదికో పిల్ల వేసుకోండి, ఒక్కోటీ వేల డాలర్లు, మూడేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది' అన్నాడు. మా అల్లుడు కంప్యూటర్ మనిషి. కాగితం మీద లెక్కేశాడు, ముచ్చటగా తేలింది. ఇంటి మీద ఇంకో అప్పు తీసుకుందామా అన్నదాకా వచ్చింది.

ఆ బేరం చెప్పినాయన మోసగాడని నేననను. ఆయన తను కొన్నప్పుడు విన్నదే వీళ్ళకి చెప్పి ఉంటాడు. కానీ ఆ లెక్కలో ఒక్క ప్రశ్న లేదు. ఆ పిల్లల్ని కొనేది ఎవరు? ఇంకో పెంపకందారు. అతను ఎందుకు కొంటాడు? పిల్లల్ని వేయించి ఇంకొకరికి అమ్మడానికి. ఆ ఇంకొకరు? ఈ వరసలో ఎక్కడా ఉన్ని కొని స్వెట్టరు వేసుకునే మనిషి కనబడడు. మా అమ్మ పాలమ్మింది గానీ, గేదెల్ని అమ్మడం కోసమే గేదెల్ని పెంచలేదు. తేడా ఇంతే. కానీ ఈ తేడా మీదే సంసారాలు నిలబడ్డాయి, కూలిపోయాయి కూడా.

ఇది నా చాదస్తం కాదు. అమెరికాలో ఒకసారి జరిగి చూపించింది. అక్కడి ఆల్పకాల వంశావళి పుస్తకం 1998 నుంచి విదేశాల జంతువుల్ని చేర్చుకోవడం ఆపేసింది. సరుకు తక్కువ, మోజు ఎక్కువ. ధర చూస్తుండగానే ఆకాశానికి లేచింది. మంచి ఆడది ఒక్కోటి ఇరవై వేల డాలర్లు దాటి పలికింది. టీవీలో ప్రకటనలొచ్చాయి. ఉద్యోగాలు విరమించినవాళ్ళు పింఛను సొమ్ము పెట్టారు. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, డేవిస్‌లో ఉన్న టీనా సైటోన్, రిచర్డ్ సెక్స్‌టన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక పత్రం ప్రచురించారు. ఎంత ఉదారంగా లెక్కేసినా ఆల్పకా ఉన్ని మీద వచ్చే ఆదాయం ఆ ధరల్ని మోయలేదు, ఇది గాలిబుడగ అన్నారు. ఎవరు విన్నారు? 2008 మాంద్యం తర్వాత బుడగ పగిలింది. వేలు పోసి కొన్నవి వందల్లోకి దిగాయి. ఊరికే ఇస్తామన్నా తీసుకెళ్ళేవాళ్ళు లేని రోజులొచ్చాయి. అవి మటుకు పదిహేను ఇరవై ఏళ్ళు బతికే జంతువులాయె, మేత పెట్టక తప్పుతుందా?

చూడండి, ఆ కుప్పకూలిన రోజుల్లో కూడా రిబ్బన్లు ఇస్తూనే ఉన్నారు. నీలం రిబ్బను నీలం రిబ్బనే. ఆ జంతువు మిగతావాటికన్నా మేలని మాత్రమే అది చెబుతుంది. దాన్ని ఎవరైనా కొంటారని ఎక్కడా చెప్పదు.

మనకి కొత్తా?

'అమెరికావాళ్ళకి బుద్ధి లేదు' అని నవ్వుకోకండి. ఈమూ పక్షిని అంతలోనే మర్చిపోయామా? ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ నిలువెత్తు పక్షుల్ని 1990ల చివర్నుంచి మన రాష్ట్రంలోనూ తమిళనాడులోనూ కంచెలు వేసి పెంచారు. నూనె మందులకంటారు, తోలు సంచులకంటారు, మాంసం గుండెకి మంచిదంటారు, ఆకుపచ్చ గుడ్లు బొమ్మలకంటారు. అన్నీ 'అంటారు'లే. నిజంగా డబ్బొచ్చింది దేని మీద? పిల్లల్ని కొత్త రైతుకి అమ్మిన మీద. కొత్త రైతులు దొరికినన్నాళ్ళూ అది బంగారు బాతు. 2012లో తమిళనాడులో, ఈరోడ్ దగ్గర పెరుందురైలో ఒక పెద్ద సంస్థ మూతపడి, వేలమంది మదుపుదారులు వీధిన పడ్డారు. పక్షులకి మేత పెట్టే బాధ చివరికి ప్రభుత్వం నెత్తిన పడింది.

మా ఆడపడుచు ఊళ్ళో ఒకామె నాలుగు పేటల గొలుసు ఆ పక్షుల కింద తాకట్టుకి వెళ్ళింది. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టింది. పక్షులు తెచ్చేటప్పుడు ఆమెనెవరూ అడగలేదు. మేత కొనలేని రోజున మాత్రం 'ఏం చేద్దామే?' అని అడిగారట. గొలుసు మళ్ళీ ఇంటికి రాలేదు. అంతకుముందు టేకు మొక్కల స్కీములు, ఆ తర్వాత తెల్ల ముస్లి దుంపలు, ప్రతిదానికీ ఇలాంటి గొలుసులు ఎన్ని కరిగిపోయాయో ఎవరు లెక్కరాశారు?

అందుకే ఇది ఆడవాళ్ళ పేజీలో మాట్లాడుకోవలసిన విషయమంటాను. పశువుల పెంపకం అనగానే పెట్టుబడి మగవాళ్ళది, మెడలో గొలుసు మనది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే చాకిరీ కూడా మనదే.

మా అమ్మాయి ఇంట్లో చూశాను. జనవరి పొద్దున ఒహాయోలో తొట్టెలో నీళ్ళు రాయిలా గడ్డకడతాయి. ఆఫీసు ఫోన్లు మొదలయ్యేలోగా ఆ మంచు పగలగొట్టి నీళ్ళు పోసేది ఆ పిల్లే. పెంటికలెత్తేది ఆ పిల్లే. గోళ్ళు కత్తిరించేది ఆ పిల్లే. ఆ ప్రాంతంలో తెల్లతోక జింకల నుంచి ఒక పురుగు నత్తల ద్వారా ఆల్పకాలకి సోకుతుంది. వెన్నులోకి పాకి కాళ్ళు పడిపోయేలా చేస్తుంది. అది రాకుండా నెలనెలా సూది వెయ్యాలి. ఆ సూదులు వేసేదెవరనుకున్నారు? మా అల్లుడు మంచివాడే, సెలవురోజున కంచె బిగిస్తాడు, గడ్డిమోపులు దింపుతాడు. కానీ సంతలో మైకులో యజమానిగా పిలిచింది ఆయన పేరు. 'అదేమిటే?' అన్నాను. 'దరఖాస్తు నేనే నింపాను పిన్నీ, అలవాటుగా ఆయన పేరు రాసేశాను' అంది నవ్వుతూ. ఎవరూ రాయమనలేదు. చెయ్యే అటు పోయింది!

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? ఒంగోలు గిత్తల అందాల పోటీల్లో షీల్డు పట్టుకుని ఫొటో దిగేవాళ్ళెవరో, తెల్లారకముందే లేచి కుడితి కలిపేవాళ్ళెవరో వేరే చెప్పాలా?

మరయితే వద్దంటారా?

'పిన్నీ, ఇక్కడందరూ పడవలు కొంటారు, పెద్ద పెద్ద వాన్లు కొంటారు. మాకిది సరదా. అది కూడా తప్పేనా?' అని మా అమ్మాయి అడిగింది. తప్పెందుకవుతుంది? నిజానికి ఇవాళ ఆల్పకా ధరలు నేల మీదకొచ్చాయి. పెంచుకునే మగవి కొన్ని వందల డాలర్లకే దొరుకుతాయి. ఇష్టంతో మొదలుపెట్టేవాళ్ళకి ఆ పాత రోజుల కన్నా ఇప్పుడే మేలు. నేను కాదన్నది సరదాకి పెట్టుబడి అని పేరు పెట్టడాన్ని. సరదాకయ్యే ఖర్చు పోయినా ఇల్లు నిలబడుతుంది. పెట్టుబడి అని అప్పు తెస్తే ఇల్లే పోతుంది.

ఆ అమ్మాయికి నాలుగు మాటలు చెప్పాను. మొదటిది, ఆరు చూలువాటి సంగతి పక్కనపెట్టి, ముందు ఉన్న మూడింటి ఉన్నితో ఏం చెయ్యగలవో చూడు. ఏడాదికొకసారి, ఎండలు ముదరకముందే కత్తిరిస్తారు. ఒక్కోదానికి ఐదారు పౌన్లు వస్తుంది. అందులో మెడ కిందదీ కాళ్ళదీ ముతక. ఏరగా మిగిలిన మేలు ఉన్నిని మిల్లుకి పంపితే నూలు చేసిస్తారు గానీ నెలల తరబడి ఆగాలి, మిల్లు కూలి కట్టాలి. ఆ నూలు ఒక్క సీజనులో సంతలో పెట్టి అమ్మిచూడు. మిగులు ఎంతో నీ చేత్తో నువ్వే రాసుకో.

రెండోది, అల్లుడు వేసిన లెక్కలో నీ గంటలు లేవు. రోజుకి రెండు గంటలనుకో. కూలి మనిషిని పెట్టుకుంటే ఏమవుతుందో అంత ఖర్చు కింద రాయి. ఆ తర్వాత మూడేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుందేమో మళ్ళీ చూడమను.

మూడోది, చూలుదాన్ని కొనే ముందు ఒక కాన్పయినా పక్కనుండి చూడు. దానికి కడుపు పదకొండు నెలలు. ఒక్క పిల్లే, కవలలు అరుదు. చాలామటుకు పగటిపూటే ఈనుతాయి కాబట్టి పిల్ల అడ్డం తిరిగిన రోజున నువ్వు ఆఫీసులో ఉంటే ఎవరు చూస్తారు? డాక్టరెంత దూరంలో ఉన్నాడు? ఏడాదికో పిల్ల అన్న లెక్కలో చచ్చిపోయిన పిల్ల ఉండదు.

నాలుగోది, ఏది మొదలుపెట్టినా కాగితాల మీద నీ పేరు ఉండాలి. అప్పు మీద మాత్రమే కాదు, జంతువు మీద కూడా. అప్పు కాగితం మీద ఇద్దరి సంతకాలూ అడిగే బ్యాంకు, వంశావళి కాగితం మీద ఎవరి పేరుందో అడగదు.

ఉన్నికి కొనుగోలుదారు ఉంటే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1830లలో ఇంగ్లండులో టైటస్ సాల్ట్ అనే మిల్లు యజమాని, ఎవరూ పట్టించుకోని ఆల్పకా ఉన్ని మూటలు లివర్‌పూల్ గిడ్డంగిలో చూసి కొన్నాడు. దానితో తళతళలాడే గౌను బట్ట నేయించాడు. ఆడవాళ్ళు ఎగబడి కొన్నారు. ఆ లాభంతో మిల్లు చుట్టూ సాల్టేర్ అని ఒక ఊరే కట్టించాడు. కొనుగోలుదారు లేకపోతే ఏమవుతుందో తెలంగాణలో దక్కనీ నల్లగొర్రెని అడగండి. దాని ఉన్నితో గొంగడి నేసేవాళ్ళు. వడికేది ఆడవాళ్ళు, నేసేది మగవాళ్ళు. గొంగడి కప్పుకునేవాళ్ళు తగ్గారు, ఉన్ని కొనేవాళ్ళు పోయారు, కదుళ్ళు అటకెక్కాయి. ఉన్ని లేని, మాంసానికి పనికొచ్చే గొర్రెలు ఆ జాగాలోకి వచ్చాయి. ఆ నల్లగొర్రెలో లోపమేం లేదు. లోపమల్లా సంతలో.

మా అమ్మాయి వాళ్ళింకా ఏదీ తేల్చుకోలేదు. ఆ పెంపకందారు సంక్రాంతి దాకా గడువిచ్చాడట, ఆయనకి సంక్రాంతి అని తెలియదనుకోండి! ఈలోపు అమ్మాయి ఒక నోటుబుక్కు కొని, ఒకవైపు గడ్డి, మందులు, కత్తిరింపు కూలి, ఇంకోవైపు తన గంటలు రాయడం మొదలుపెట్టింది. అది విన్నప్పుడు నాకు ఏ రంగు రిబ్బను చూసినా కలగనంత సంతోషం కలిగింది.

మీ ఇంట్లో కూడా రేపెవరైనా పొట్టి పుంగనూరు ఆవులనో, రంగు చేపలనో, ఇంకేదైనా కొత్త పేరుతోనో ఉత్సాహంగా కాగితాలు పట్టుకొస్తే వద్దని మొహం మీద అనెయ్యకండి. ఉత్సాహం చెడ్డది కాదు. పక్కన కూర్చుని కాగితం మీ వైపు తిప్పుకోండి. 'ఇది ఏమిస్తుంది? దాన్ని కొనుక్కుని వాడుకునేవాళ్ళెవరు? పొద్దున్నే లేచేదెవరు?' అని మూడే మూడు ప్రశ్నలడగండి. మూడింటికీ జవాబుంటే మీరూ చేతులు కలపండి. మొదటి రెండింటికీ జవాబు లేకపోయినా, మూడోదానికి జవాబు మీరే అని తేలితే మటుకు, గొలుసు మీద చెయ్యి వేసుకుని ఇంకోసారి ఆలోచించండి. ఏమంటారు?